చిన్న తూటా జాడలో మాన్‌సింగ్

మాన్‌సింగ్‌కు చదువు రాదంటే మోదుగులగడ్డ తండాలో ఎవరూ ఒప్పుకోరు. రేషన్ దుకాణంలో వేలిముద్రే వేస్తాడు, నిజమే. కానీ పొద్దున్నే చేని గట్టు మీద నిలబడి, రాత్రి ఎవరెవరు వచ్చి పోయారో పేపరు చదివినట్టు చదివేస్తాడు. ఇది కుందేలు, ఇది ముళ్లపంది, ఇది సక్రి వాళ్ల బర్రె, పలుపు తెంపుకొని వచ్చింది, వెనక ఎడమకాలు కుంటుతోంది. పక్క తండా పిల్లగాడి చెప్పులు ఎవరింటి వెనకదాకా వచ్చి మళ్లాయో కూడా ఆయనకు తెలుస్తుంది. తెలిసినా చెప్పడు. డెబ్బై రెండేళ్లు ఎవరితోనూ తగవు లేకుండా బతికాడంటే ఆ చెప్పకపోవడం వల్లే.

అయితే చుట్టుపక్కల ఆయన పేరు పడింది వేరే పనికి. దెబ్బ తగిలి పారిపోయిన జంతువు జాడ పట్టడం ఆయన పని. కేసముద్రం నుంచి అడవి వైపు వచ్చే తోవలో సగం భూములు ఒకప్పుడు పెద్ద పటేల్‌వి. ఆయనకు వేట పిచ్చి. వేట మీద చట్టం వచ్చాక కూడా ఈ అడవి అంచుల్లో కొన్నేళ్లు చట్టం కన్నా పటేల్ మాటే గట్టిగా నడిచింది. ఇక్కడి నుంచి భూపాలపల్లి అడవుల దాకా జీపు వేసుకొని తిరిగేవాడు. ఆయన దగ్గర సన్నటి తుపాకి ఒకటి ఉండేది. పాయింట్ టూ టూ రైఫిల్ అనేవారు. తూటా చిటికెన వేలి గోరంత. కాల్చితే ఎండుకట్టె విరిగినట్టు 'టప్' అంటుంది, అంతే. పక్క గుట్ట మీది మేకల కాపరికి కూడా వినబడదు.

ఆ తుపాకితో పెద్ద పటేల్ కొట్టడం బాగానే కొట్టేవాడు. జంతువు పడేది కాదు. పరుగు తీసేది. అప్పుడు పటేల్ వెనక్కి తిరిగి, "మాన్‌సింగ్, నీ పని" అనేవాడు.

ఆ పని ఒక్కడు చేసేది కాదు. ఇద్దరు కావాలి. చివరి నెత్తుటి చుక్క దగ్గర ఒకడు కదలకుండా నిలబడాలి. రెండోవాడు ముందుకు వెళ్లి, ఆకుల మీద, గడ్డి మీద, రాళ్ల మీద తర్వాతి చుక్క కోసం వెతకాలి. అది దొరికి కేక వేసిందాకా మొదటివాడు అడుగు తీసి అడుగు వేయకూడదు. తీశాడా, చుక్క చెప్పుల కింద పోతుంది, జాడ అక్కడితో సరి. మాన్‌సింగ్, వాళ్ల అన్న కలిసి అట్లా ఎన్ని గుట్టలు ఎక్కి దిగారో! జాడ తప్పితే చివరి చుక్క మీద రుమాలు పరిచి వచ్చేవారు. మరునాడు మళ్లీ అక్కడి నుంచి మొదలు. అన్న పోయి పదేళ్లయింది. ఆయన పోకముందే, ఇప్పటికి నలభై ఐదేళ్ల కింద, మాన్‌సింగ్ ఆ పని మానేశాడు. చూపు ఆనడం లేదని పటేల్‌కు చెప్పాడు. ముప్పై ఏళ్లు నిండని మనిషికి చూపు ఆనకపోవడమేమిటని పటేల్ నవ్వాడు గానీ, మాన్‌సింగ్ మళ్లీ వెళ్లలేదు.

ఎందుకు మానేశాడో తెలిసిన మనిషి ఈ లోకంలో ఒక్కరే. ఆయన భార్య ద్వాళి.

ఇప్పుడు కోడలు సంగతి చెప్పాలి. కొడుకు రాంజీ హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తాడు, నెలకోసారి వస్తాడు. కోడలు కళావతి ఇంటర్ దాకా చదివింది. తండా గ్రామపంచాయతీ అయ్యాక సర్పంచ్‌గా గెలిచింది. అబ్బో, మాటంటే మాటే! మండల ఆఫీసులో కుర్చీ లాక్కొని కూర్చుని, బోరు మోటారు వచ్చిందాకా లేవని మనిషి. అటువంటి కళావతి, ఇంటి గడపలో అడుగు పెట్టిందంటే నెత్తి మీదికి కొంగు లాక్కుంటుంది. మామతో నోరు విప్పదు. లంబాడీల ఇళ్లలో పాత కట్టుబాటు అది. కోడలు మామతో నేరుగా మాట్లాడదు, మామ కోడలితో మాట్లాడడు. ఈ కాలంలో చాలా ఇళ్లలో సడలిపోయింది. మాన్‌సింగ్ ఇంట్లో మాత్రం పద్నాలుగేళ్లుగా చెక్కుచెదరలేదు.

మరి ఇల్లు ఎట్లా నడుస్తుందంటారా? నడిమిట్ల ద్వాళి ఉంది కదా! ముగ్గురూ ఒకే వాకిట్లో కూర్చుంటారు. వాళ్ల ఇంటి భాష లంబాడీ, మనం తెలుగులోనే విందాం.

"అత్తా, మామకు బీపీ గోలీలు అయిపోయినయేమో అడుగు" అంటుంది కళావతి.

"ఏమయ్యా, గోలీలు అయిపోయినయా?" అంటుంది ద్వాళి.

"ఇంక రెండు రోజులకు ఉన్నయని చెప్పు" అంటాడు మాన్‌సింగ్.

"రెండు రోజులకు ఉన్నయంట."

ఎవరి మాట ఎవరికి వినబడలేదని! అయినా ద్వాళి నోటి గుండా వస్తేనే అది మాట. ఆమె చెప్పిందాకా ఇద్దరూ చెవిటివాళ్లే. చూసేవాళ్లకు నవ్వు వస్తుంది గానీ వాళ్లకు అది మర్యాద. కోడలంటే మాన్‌సింగ్‌కు ప్రాణం. సంతలో ఏం కొన్నా ముందు ఆమె కోసమే కొంటాడు, తెచ్చి ద్వాళి చేతిలో పెడతాడు.

ఆ ఏడు యాసంగి మక్కజొన్న ఏపుగా వచ్చింది. కంకి పాలు పట్టే వేళకు అడవిపందులు దిగాయి. ఒకటా రెండా, మందలకు మందలు. తిన్నది తక్కువ, తొక్కింది ఎక్కువ. పొద్దున పోయి చూస్తే చేను నడుమ చాప పరిచినట్టు పడి ఉండేది. పాత చీరలు కట్టారు, మంగలి షాపు నుంచి వెంట్రుకలు తెచ్చి చల్లారు, ఫోన్‌లో కుక్క అరుపులు రికార్డు చేసి మైకులో వేశారు. పందులు రెండు రోజులు భయపడ్డాయి, మూడోనాడు మైకు పెట్టిన మంచె కిందే పొర్లాడి పోయాయి. మాన్‌సింగ్ వాళ్ల మూడెకరాల్లో ఎకరం నేలమట్టమైంది. ఆ చేనుకు నీళ్లు కట్టింది, కలుపు తీసింది ద్వాళే. పడిపోయిన కంకులు ఒడిలో వేసుకొని గట్టు మీద కూర్చుని, సొంత బిడ్డ పోయినట్టు ఏడ్చింది.

పంట మీద పడే పందులను కాల్పించడానికి సర్పంచ్ అనుమతి కాగితం ఇవ్వాలి. కాల్చేవాడి పేరు, తుపాకి రకం అందులో రాయాలి. చచ్చిన పందిని పాతిపెట్టాలి, వండుకోకూడదు. పెద్ద తుపాకి ఉన్న షూటర్ కోసం కళావతి కాళ్లకు బలపం కట్టుకొని తిరిగింది. ఆయన జనగామ జిల్లాలో తరిగొప్పుల దిక్కు పోయాడు, అక్కడి పని ముగించి రావడానికి పదిహేను రోజులు పడుతుందన్నాడు. పదిహేను రోజులకు తండాలో మిగిలేది చొప్పే.

అప్పుడు విద్యాసాగర్ వచ్చాడు. పెద్ద పటేల్ కొడుకు, యాభై దాటినవాడు. కేసముద్రం మార్కెట్‌లో ధాన్యం వ్యాపారం, తండా పక్కన ఇంకా ఎనిమిదెకరాలు ఉంది. ఆయన మక్క కూడా పోతోంది. తండ్రి రైఫిల్ పంటరక్షణ లైసెన్సు మీద ఆయన పేరిటే ఉంది. చెడ్డవాడని అనడానికి లేదు. కరోనా రోజుల్లో తండాకు బియ్యం బస్తాలు దింపి, ఫొటో కూడా దిగకుండా వెళ్లిన మనిషి.

"సర్పంచమ్మా, నేను కాల్చిపెడ్త. ఎవ్వలు ఒక్క రూపాయి ఇయ్యొద్దు. తుపాకి లైసెన్సుదే" అన్నాడు పంచాయతీ ఆఫీసు ముందు.

జనం సంబరపడ్డారు. ఒక్క సోమనర్సయ్య మాత్రం తల గోక్కున్నాడు. ఆయన పక్క ఊరి రైతు, పాత వార్డు మెంబరు. "గా చిన్న తుపాకితోని పంది సస్తదా పటేలా? అది మొండి జంతువాయె" అన్నాడు.

"చెవి కింద కొడితే ఏనుగైనా పడ్తది. పెద్ద తుపాకి గుండ్లు చెదిరి పోతయే. చేన్ల ఎవలన్న ఉంటే? చప్పుడుకు బర్లు పలుపులు తెంపుకుంటయ్. గిది మెల్లగ, సక్కగ ఒక్కచోటికే పోతది" అన్నాడు విద్యాసాగర్.

ఆ మాటలో కూడా న్యాయం ఉంది. కాగితంలో 'తుపాకి రకం' అన్నచోట ఏం రాయాలో, ఏం రాయకూడదో కళావతికి తెలియదు. రాత్రికి ఆలోచించి చెప్తానంది.

మధ్యాహ్నం కోడలు మండల ఆఫీసుకు వెళ్లిన వేళ ఈ సంగతి మాన్‌సింగ్ చెవిన పడింది. చుట్ట తాగుతున్నవాడు పక్కన పడేశాడు.

"కోడలికి చెప్పు" అన్నాడు ద్వాళితో. "ఆ తుపాకికి సంతకం పెట్టొద్దని చెప్పు. పెద్ద తుపాకి వచ్చిందాక ఆగుమను. చేను పోతే పోనియ్యి."

"చేను పోతే పోనియ్యా! నీదేం పోయింది, నడుము విరిగింది నాది" అంది ద్వాళి.

"మర్చిపోయినవా నువ్వు?"

ఆమె మర్చిపోలేదు. ఎట్లా మర్చిపోతుంది? పెళ్లయిన ఏడు, పెద్ద పటేల్ ఆ తుపాకితోనే ఒక ఆడ దుప్పిని కొట్టాడు. అన్నకు జ్వరం. మాన్‌సింగ్ ఒక్కడే జాడ పట్టాడు. రెండు చుక్కలు దొరికాయి, మూడోది దొరకలేదు. పొద్దు వాలుతోంది, ఇంట్లో కొత్త పెళ్లాం. "పోనియ్ రా, తగిలిందో లేదో" అన్నాడు పటేల్ జీపులో నుంచి. "తగల్లే పటేలా" అని మాన్‌సింగ్ కూడా అనేశాడు. రుమాలు కూడా పరచలేదు. నాలుగోనాడు పొద్దున ద్వాళి నీళ్లకని వాగుకు పోతే, ఇసుకలో తవ్విన చెలిమ దగ్గర ఆ దుప్పి ఉంది. కింది దవడ పగిలి వేలాడుతోంది. మూతి నీళ్లలో పెడుతోంది, మింగలేకపోతోంది, మళ్లీ పెడుతోంది. ఈగలు. ద్వాళి బిందె పారేసి అరుచుకుంటూ వచ్చింది. ఆ తర్వాత రెండు రోజులు ఆమె అన్నం ముట్టలేదు. మాన్‌సింగ్ మళ్లీ జాడకు పోలేదు.

"అది దుప్పి. ఇవి పందులు" అంది ద్వాళి.

"నొప్పి ఒక్కటే. చెప్పు కోడలికి" అని మాన్‌సింగ్ లేచి వెళ్లిపోయాడు.

సాయంత్రం కళావతి బస్సు దిగి వచ్చింది. మామ మేకలు తోలుకొని ఇంకా రాలేదు. కాళ్లు కడుక్కుంటూ అడిగింది: "అత్తా, తుపాకి సంగతి మామకు తెలిసిందా? ఏమన్నడు? ఆయనకు తెలిసినంత ఇంకెవ్వరికి తెలుస్తది."

ద్వాళి పొయ్యి ఊదుతోంది. ఊదుతూనే ఉంది. ఒడిలో పోసుకున్న విరిగిన కంకులు ఆమె కళ్ల ముందు ఆడాయి.

"ఏమంటడు. నీ ఇష్టమన్నడు" అంది.

పద్నాలుగేళ్లలో వేల మాటలు అటూ ఇటూ మోసింది ఆ మనిషి. ఒక్క మాట మార్చి చెప్పలేదు. మార్చింది అదొక్కటే. మామ కాదనలేదు కదా అని కళావతి ఆ పూటే సంతకం పెట్టి పంపింది.

తెల్లారి మంచు ఇంకా విచ్చలేదు. మాన్‌సింగ్ వాకిట్లో పళ్లు తోముకుంటున్నాడు. చేల దిక్కు నుంచి 'టప్' అని వినబడింది. నలభై ఐదేళ్ల తర్వాత విన్నా గుర్తుపట్టాడు. వేపపుల్ల చేతిలోనే ఉండిపోయింది. వద్దన్నా పెట్టింది సంతకం! ముసలోడి మాట ఎవరికి కావాలి ఈ రోజుల్లో! కోపం వచ్చింది, కోపం కన్నా ఎక్కువ చిన్నతనం అనిపించింది. చెప్పులు కూడా వేసుకోకుండా చేలకు నడిచాడు.

విద్యాసాగర్ గట్టు మీద నిలబడి ఉన్నాడు. "తగిలిందన్నా, పెద్దది. అడవి దిక్కు ఉరికింది. నువ్వు వచ్చినవ్, ఇగ ఫికర్ లేదు" అన్నాడు.

మాన్‌సింగ్ గట్టు దిగాడు. మక్క వరసల్లోకి వెళ్లి, జంతువు నిలబడిన చోట గొంతుక్కూర్చున్నాడు. తడి మన్ను, అడుగు అచ్చు గుద్దినట్టు పడింది. పంది అడుగు మొద్దుగా ఉంటుంది, వెనక రెండు చిన్న గిట్టల గుంటలు పక్కకు పడతాయి. ఇది సన్నగా, మొన తేలి ఉంది. మక్క ఆకు మీద కత్తిరించినట్టు నాలుగు వెంట్రుకలు. పందివైతే నల్లగా, గరుకుగా ఉండాలి. ఇవి తెల్లగా, మెత్తగా ఉన్నాయి. పొట్ట కింది వెంట్రుకలు. చుక్క నెత్తురు, అందులో నమిలిన గడ్డి పచ్చ. పొట్టలో తగిలింది. అంటే వెంటనే చావదు, బతకదు కూడా.

అడుగును వేళ్లతో కొలిచాడు, ఆడదాని అడుగే.

"గిది పంది కాదు పటేలా. ఆడ దుప్పి."

విద్యాసాగర్ ముఖం పాలిపోయింది. "మంచుల... నల్లగ కనిపించిందన్నా. మక్కలో కదిలితే పందే అనుకున్న. ప్రమాణం!" అన్నాడు. అబద్ధం కాదది. మెల్లగా వచ్చి మాన్‌సింగ్ పక్కన కూర్చున్నాడు. "అన్నా, దుప్పి అంటే జైలు. నేనొక్కన్నే కాదు, కాగితం మీద నీ కోడలు సంతకం ఉన్నది. ఆమె పదవి పోతది, కోర్టుల చుట్టు తిరుగుతది. నువ్వు పంది అంటే పందే. నిన్ను కాదనేటోడు ఈ జిల్లాలనే లేడు. పంది తగిలింది, అడవిల పడ్డది, అంతే."

మాన్‌సింగ్ ఆ చుక్కనే చూస్తున్నాడు. ఒక్క మాట అంటే చాలు. అటువంటి మాట ఒకసారి అన్నాడు కూడా, ఇదే తుపాకి ముందు, ఈయన తండ్రికి. ఎవరి చెప్పులు ఎవరి గుమ్మానికి వచ్చాయో చెప్పకుండా బతికిన మనిషికి, ఇదొకటి చెప్పకపోవడం ఎంత పని? కోడలు పదవి నిలుస్తుంది. ఇంటి పరువు నిలుస్తుంది. ఆ దుప్పి ఎక్కడో పొదలో నాలుగు రోజులు పడుతుంది, అంతే కదా. చెలిమ దగ్గర నీళ్లలో మూతి పెట్టి తీసే ఆ పాత దుప్పి కళ్ల ముందు నిలబడింది.

తలకు చుట్టిన ఎర్ర రుమాలు విప్పి, చుక్క మీద పరిచాడు. లేచి తండాలోకి నడిచాడు. విద్యాసాగర్ "అన్నా, అన్నా" అంటూ వెనకే వచ్చాడు.

కళావతి వాకిట్లో ఉంది. మామను చూసి కొంగు లాక్కుంది. మాన్‌సింగ్ ద్వాళి వైపు తిరిగి అన్నాడు: "సర్పంచ్‌కు చెప్పు. తూటా తగిలింది పందికి కాదు, ఆడ దుప్పికి. పొట్టల తగిలింది. జాడ పట్టాలె. నా అన్న లేడు, నాకు రెండో మనిషి కావాలె."

ద్వాళి చేతిలో చెంబు జారి పడింది. కళావతి ఆమె చెప్పిందాకా ఆగలేదు. ఆ ఇంట్లో అట్లా ఆగకపోవడం అదే మొదటిసారి. ఫోన్ తీసింది.

విద్యాసాగర్ చేతులు జోడించాడు. "ఒక్కసారి ఆలోచించమ్మా. నీకు కూడా నష్టమే."

"పందికి ఇచ్చిన పటేలా నేను సంతకం. దుప్పికి ఇయ్యలే. మా మామ దుప్పి అన్నడంటే అది దుప్పే" అంది కళావతి. అటవీశాఖ బీట్ ఆఫీసర్ మౌనికకు ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఒక్క ముక్క మింగలేదు. తర్వాత కొంగు నడుముకు చెక్కి, "నడువుండ్రి" అంది. ఎవరితో అన్నదో చూడకుండానే అంది.

చేలో రుమాలు దగ్గర మాన్‌సింగ్ నిలబడ్డాడు. కళావతి ముందుకు వెళ్లింది. చూపు ఆమెది, చదువు ఆయనది. ఇంకెవరూ లేరు మధ్యలో. మాట్లాడకపోతే జాడ నడవదు. నాలుగడుగులు వేసి ఆమె బిక్కముఖం వేసింది.

"నెత్తురు కోసం కింద సూడకు" అని మాన్‌సింగ్ మక్కచేనుకు చెప్పినట్టు చెప్పాడు. "మోకాలెత్తుల, ఆకు అడుగున ఉంటది. అది ఉరుకుతాంటే పొట్ట రాసుకున్నది."

"దొరికింది!"

ఆయన రుమాలు తీసుకొని నడిచి ఆ చుక్క దగ్గర నిలబడ్డాడు. ఆమె మళ్లీ ముందుకు. చేను దాటారు, వాగు ఒడ్డు దాటారు, మోదుగులు పూసిన గుట్ట కింద అడవి మొదలైంది. ఎర్రటి పూలు రాలి నేలంతా నెత్తురులాగే ఉంది. కళావతి ఒక్కో పువ్వూ వంగి చూడాల్సి వచ్చింది. ఒకచోట అరగంట దొరకలేదు. మాన్‌సింగ్ మోకాళ్లు నొప్పి పెడుతున్నాయి, అయినా కదలలేదు. నిలబడీ నిలబడీ, లోపల పొద్దుటి నుంచి కుతకుత ఉడుకుతున్న మాట బయటపడింది.

"వద్దని చెప్పిన గదా నేను!"

కళావతి గిరుక్కున తిరిగింది. పద్నాలుగేళ్లలో మొదటిసారి మామ ముఖంలోకి చూసింది. "ఎవరికి చెప్పిన్రు?"

"మీ అత్తకు. సంతకం పెట్టొద్దు, చేను పోతే పోనియ్యమని చెప్పుమన్న."

"అత్త... నీ ఇష్టమన్నడని చెప్పింది నాకు."

మాన్‌సింగ్ కోపం ఎటు పోవాలో తెలియక ఆగింది. ద్వాళి ఒడిలో కంకులు పోసుకొని ఏడ్చిన గట్టు గుర్తొచ్చింది. కళావతికీ అదే గుర్తొచ్చి ఉండాలి.

"మీరు వద్దన్నరని తెలిస్తే పెడుదునా మామా?" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పెట్టవు బిడ్డా. ముందు జాడ సూడు."

మరో గంటకు దుప్పి దొరికింది. రెండు బండల నడుమ నీడలో పడుకొని ఉంది. ప్రాణం ఉంది. చెవులు అటూ ఇటూ తిరుగుతున్నాయి. లేవడానికి ముందు కాళ్లు ఎత్తింది, నడుము రాలేదు. మాన్‌సింగ్ కళావతి చెయ్యి పట్టి గాలికి ఎదురు దిక్కున కూర్చోబెట్టాడు. "దగ్గరికి పోవద్దు. భయానికే గుండె పగుల్తది" అన్నాడు గుసగుసగా. మౌనిక, పశువుల డాక్టర్, ఇద్దరు వాచర్లు బండి దిగి గుట్ట ఎక్కి వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. అప్పటికి కాసేపటి ముందే దుప్పి తల కింద పెట్టేసింది. డాక్టర్ పొట్ట మీద వెంట్రుకలు పక్కకు తీసి గాయం చూపించాడు. చిటికెన వేలు కూడా పట్టనంత బొక్క. కళావతి దాన్ని చూసి అక్కడే కూలబడి ఏడ్చింది. మాన్‌సింగ్ తన రుమాలు దుప్పి కళ్ల మీద కప్పాడు.

సాయంత్రం పంచాయతీ ఆఫీసులో వాంగ్మూలాలు రాసుకున్నారు. విద్యాసాగర్ తుపాకి బల్ల మీద పెట్టాడు. "నేనే కాల్చిన. పంది అనుకున్న, అది నా తప్పే. ముసలాయన మీద, సర్పంచ్ మీద ఏం లేదు" అన్నాడు. పొద్దున్నుంచి మనిషి సగమైపోయాడు. తండా అంతా కిటికీల దగ్గర గుమిగూడింది.

మౌనిక కళావతిని అడిగింది: "మేడం, ఇది రాసుకోవాలె నేను. చిన్న తుపాకి వద్దని మీకు ముందుగాల ఎవరన్నా చెప్పిన్రా?"

కళావతి తల వంచుకుంది. మామ వద్దన్నాడంటే, విని కూడా పెట్టిందని రాసుకుంటారు. అత్త దాచిందంటే, తండా ముందు ఆ ముసలితల్లి తల ఎక్కడ పెట్టుకుంటుంది?

మాన్‌సింగ్ లేచాడు. "చెప్పలే మేడం. ఆ తుపాకి సంగతి తండాల అందరికంటె నాకే ఎక్కువ తెలుసు. ఎన్ని జీవాల ఎంబడి పోయిన్నో నాకే తెలుసు. ఎదురుంగ నిలబడి కోడలికి చెప్పవలసిన మాట. చెప్పలే. తప్పు నాది. రాసుకో."

"కాదు!"

గుమ్మం దగ్గర జనాన్ని నెట్టుకుంటూ ద్వాళి వచ్చింది. "అబద్ధం చెప్తాండు. నాకు చెప్పిండు, కోడలికి చెప్పుమన్నడు. నేనే చెప్పలే. చేను మీద ఆశకు మాట మింగిన. దవడ పగిలిన దుప్పిని ఈ కండ్లతోనే సూసిన దాన్ని, అయినా మింగిన. నన్ను పట్టుకపో మేడం" అని గుమ్మంలోనే కూర్చుని గుండెలు బాదుకుంది.

కళావతి లేచి అత్త దగ్గరికి పోయింది. అందరూ చూస్తుండగా కింద కూర్చుని ఆమె చేతులు పట్టి ఆపింది.

"పద్నాలుగేండ్లు మా ఇద్దరి మాటలు మోసినవ్ అత్తా. అలసిపోయినవ్. ఇగ దించు" అంది.

కేసు అయింది. విద్యాసాగర్‌ను తీసుకుపోయారు, బెయిలు మీద వచ్చాడు, ఇప్పటికీ వాయిదాలకు తిరుగుతున్నాడు. కళావతికి సంజాయిషీ నోటీసు వచ్చింది. జవాబు తనే రాసుకుంది, ఎవరి మీదికీ నెట్టలేదు. పదవి ఉంటుందో ఊడుతుందో అప్పటికి తేలలేదు. ఆ వారమే గ్రామసభ పెట్టి, మా పంచాయతీలో చిన్న తుపాకికి అనుమతి లేదని తీర్మానం రాయించింది. చేను పోయినవాళ్లు కొందరు గొణిగారు. సోమనర్సయ్య మాత్రం ముందుగా చెయ్యెత్తాడు. తరిగొప్పుల నుంచి షూటర్ వచ్చేసరికి మాన్‌సింగ్ మక్క ఇంకో అరెకరం పోయింది. షూటర్ పెద్ద తుపాకికి నాలుగు పందులు పడ్డచోటే పడ్డాయి. జాడ పట్టే పని లేకపోయింది.

దుప్పి కళ్ల మీద కప్పిన రుమాలును వాచర్లు పంచాయతీలో ఇచ్చి వెళ్లారు. కళావతి దాన్ని రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికింది. మరక కొంచెం మిగిలే ఉంది. ఆరాక మడిచి తెచ్చింది. మాన్‌సింగ్ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు, పక్కనే ద్వాళి మక్కలు ఒలుస్తోంది. అలవాటుగా ద్వాళి చెయ్యి చాచింది. కళావతి ఆమెను దాటి వెళ్లి, రుమాలు మామ చేతిలో పెట్టింది.

"మామా, మీ రుమాలు."

"మంచిగ ఉతికినవ్ బిడ్డా" అన్నాడు మాన్‌సింగ్, తలకు చుట్టుకుంటూ. ద్వాళి చాచిన చెయ్యి వెనక్కి తీసుకొని, ఇంకో కంకి అందుకుంది.